ఇంట్లో ఉంచడమే రక్షణా? మహమ్మారి కాలంలో పెద్దవారి ఆరోగ్యం, స్వతంత్ర జీవనం

సంక్షిప్తంగా: కొవిడ్ కాలంలో పెద్దవారిని కాపాడటానికి మన దేశం ఎక్కువగా నమ్ముకున్న మార్గం వారిని ఇల్లు కదలవద్దనడం. ఆ సలహా వెనుక ఉన్న వైద్య కారణం గట్టిదే. అయితే ఉమ్మడిగా బతికే ఇళ్లలో వైరస్ పెద్దవారి దగ్గరికి వచ్చింది చాలావరకు బయట తిరిగిన చిన్నవారి ద్వారా. పైగా నెలల తరబడి కదలకపోవడం, ఆసుపత్రికి వెళ్లలేకపోవడం, డబ్బు చేతికందకపోవడం వేరే నష్టాలు తెచ్చాయి. సేవలు గడప దగ్గరికి వచ్చినచోట పెద్దవారికి ఆరోగ్యమూ స్వతంత్రమూ రెండూ ఎక్కువగా నిలిచాయి. అది ఎలా జరిగిందో, ఎక్కడ జరగలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2020 మే నెల మొదట్లో కేంద్ర హోంశాఖ ఇచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వుల్లో ఒక నిబంధన ఉంది. 65 ఏళ్లు దాటినవారు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు, గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు అత్యవసరాలకు, వైద్య అవసరాలకు తప్ప ఇంట్లోనే ఉండాలని దాని సారాంశం. ఆ తర్వాత గుడులు, దుకాణాలు, కార్యాలయాలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నా ఈ మాట దాదాపు ప్రతి మార్గదర్శకంలోనూ కొనసాగింది. మార్చి 20న మూతపడిన తిరుమల శ్రీవారి దర్శనం జూన్ 11న సామాన్య భక్తులకు మళ్లీ మొదలైనప్పుడు కూడా 65 దాటినవారిని, పదేళ్లలోపు పిల్లలను అనుమతించలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి వాటా 9.8 శాతం, దేశ సగటు 8.6 శాతం. ఇంతమందిని ఒకే వాక్యంతో ఇంటికి పరిమితం చేసినప్పుడు ఏం జరిగిందన్నది చరిత్రకు వదిలేయాల్సిన ప్రశ్న కాదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితిని ఎత్తివేసినా, ఇంకో కొత్త వైరస్ వస్తే మొదట వినిపించేది మళ్లీ ఈ సలహానే.

వయసు పెరిగితే ప్రమాదం ఎందుకు పెరుగుతుంది

ఈ విషయంలో ప్రపంచానికి ఉపయోగపడిన తొలి పెద్ద సమాచారాల్లో ఒకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాల ఆధారంగా జరిగిన అధ్యయనం 2020 సెప్టెంబరు చివర ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాదాపు 85 వేల మంది రోగులకు సన్నిహితంగా మెలిగిన 5,75,071 మందిని అందులో పరిశీలించారు. వ్యాధి నిర్ధారణ అయినవారిలో మరణాల శాతం 5 నుంచి 17 ఏళ్లవారిలో 0.05 కాగా, 85 దాటినవారిలో 16.6. అంటే మూడు వందల రెట్లకు పైగా తేడా.

ఈ తేడాకు మూలం శరీరపు రక్షణ వ్యవస్థ ముసలిదవడంలో ఉంది. కొత్త శత్రువును గుర్తుపట్టి పోరాడే టి-కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారవుతాయి. ఆ గ్రంథి యుక్తవయసు నుంచే కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది. డెబ్బై ఏళ్ల శరీరానికి పాత జబ్బుల జ్ఞాపకం పుష్కలంగా ఉంటుంది, కానీ ఎన్నడూ చూడని వైరస్‌పై పంపడానికి కొత్త సైన్యం తక్కువ. మరోవైపు శరీరంలో సన్నగా రగిలే వాపు వయసుతో పెరుగుతుంది. వైరస్ వచ్చాక ఆ మంట అదుపు తప్పితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీనికి షుగరు, రక్తపోటు తోడవుతాయి. పెద్దవయసువారిపై 2017–18లో జరిగిన జాతీయ సర్వే ‘లాసి’ ప్రకారం దేశంలో 60 దాటినవారిలో సుమారు ఏడున్నర కోట్ల మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంది.

రెండు రాష్ట్రాల అధ్యయనంలో కలవరపెట్టే విషయం ఇంకొకటి కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరినవారిలో మరణించినవారు సగటున ఐదారు రోజుల్లోనే కన్నుమూశారు. అమెరికాలో ఆ వ్యవధి 13 రోజులు. మన రోగులు ఆసుపత్రికి ఆలస్యంగా చేరుతున్నారనడానికి ఇదొక సూచన. ఆలస్యానికి దూరం, ఖర్చు, భయం కారణాలు. వయసుకు సంబంధించిన కారణం కూడా ఒకటుంది, దాని గురించి చెప్పుకున్నది తక్కువ. పెద్దవారిలో కొవిడ్ చాలాసార్లు కొవిడ్‌లా కనిపించదు.

వృద్ధుల శరీరపు మామూలు ఉష్ణోగ్రతే కాస్త తక్కువగా ఉంటుంది. పడుచువారిలో 101 డిగ్రీల జ్వరంగా కనిపించే జబ్బు, ఎనభై ఏళ్లవారిలో చేయి పెట్టి చూస్తే తెలియని వెచ్చదనంగానే ఉండిపోవచ్చు. అమెరికాలో అత్యవసర విభాగాలకు వచ్చిన 65 దాటిన కొవిడ్ రోగులను పరిశీలిస్తే వారిలో 28 శాతం మందికి మతి తడబాటు కనిపించింది. వేళాపాళా తెలియకపోవడం, పొంతన లేని మాటలు, పగలంతా మగత. ఇంట్లోవాళ్లు దాన్ని ‘పెద్దతనం, మామూలే’ అనుకుంటారు. అన్నం సయించకపోవడం, నిన్నటిదాకా నడిచిన మనిషి ఇవాళ లేవలేకపోవడం, ఉన్నట్టుండి పడిపోవడం కూడా ఇలాంటి గుర్తులే. దగ్గు, జ్వరం ఉన్నవారినే వెతికిన సర్వేలకు ఈ రోగులు చిక్కరు. పెద్దవారి విషయంలో ‘నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో ఏం మారింది’ అన్నది థర్మామీటరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

వైరస్ ఏ దారిన వచ్చింది

ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల్లో తొలి దశ విషాదం వృద్ధాశ్రమాల్లో జరిగింది. కెనడాలో మొదటి దశ మరణాల్లో ఐదింట నాలుగు వంతులు దీర్ఘకాల సంరక్షణ కేంద్రాల్లోవే. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి పడకలు ఖాళీ చేయడం కోసం 2020 మార్చి 17, ఏప్రిల్ 15 మధ్య సుమారు 25 వేల మందిని సంరక్షణ కేంద్రాలకు పంపారు. అందరికీ పరీక్ష చేసి పంపాలన్న నియమం అప్పటికింకా లేదు. ఆ విధానం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు తేల్చింది. ఒకే సిబ్బంది రెండు మూడు కేంద్రాల్లో పనిచేయడం, జబ్బు చేస్తే జీతంతో సెలవు లేకపోవడం వైరస్‌ను ఒక భవనం నుంచి మరో భవనానికి మోశాయి.

మన దగ్గర పెద్దవారిలో అత్యధికులు కుటుంబాల్లోనే ఉంటారు. అందువల్ల ఒకే చోట వందల మంది ముసలివాళ్లకు ఒకేసారి వైరస్ సోకే ప్రమాదం తప్పింది. దాని బదులు ప్రమాదం ఇంటింటికీ పంచుకున్నట్టయింది. పైన చెప్పిన అధ్యయనంలో ఒక రోగి నుంచి బయట కలిసిన వ్యక్తికి వ్యాధి సోకే అవకాశం 2.6 శాతం ఉంటే, ఇంట్లో ఉన్నవారికి 9 శాతం ఉంది. రెండు గదుల ఇంట్లో తాత పడుకునేది ముందు గదిలో, ఫ్యాక్టరీ షిఫ్టు ముగించి వచ్చిన మనవడు చెప్పులు విప్పేదీ అదే గదిలో. తాత ఉత్తర్వును అక్షరాలా పాటించి ఉండవచ్చు. వైరస్ మాత్రం ఆయన పాటించిన ఇంట్లోకే వస్తుంది.

అంటే ఆ కాలంలో పెద్దవారికి నిజమైన రక్షణ పెద్దవారు చేసే పనుల్లో కన్నా చిన్నవారు చేసే పనుల్లో ఎక్కువగా ఉంది. పనికి వెళ్లేవారికి మంచి మాస్కు, ఒంట్లో బాగోలేనప్పుడు కూలి పోకుండా సెలవు, వెంటనే పరీక్ష, విడిగా ఉండటానికి ఊళ్లో ఒక కేంద్రం. వీటన్నిటి లబ్ధి చివరికి ఇంట్లో మూల గదిలో ఉన్న పెద్ద ప్రాణానికి చేరుతుంది. గాలి సంగతీ అంతే. తొలి ఏడాది జనం సబ్బుతో చేతులు కడగడం, కూరగాయలు ఉప్పునీళ్లలో నానబెట్టడం మీద పెట్టిన శ్రద్ధ కిటికీల మీద పెట్టలేదు. భయంతో చాలా ఇళ్లు తలుపులు బిగించుకున్నాయి. వైరస్ గాలి ద్వారా పది మీటర్ల దాకా వెళ్లగలదని, కిటికీలు తెరిచి ఉంచాలని కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం సూటిగా చెప్పింది 2021 మేలో. అప్పటికి రెండో దశ ఉధృతంగా ఉంది. పాత పెంకుటిళ్లలో ఎదురెదురు తలుపులు, వసారా, అరుగు ఉండేవి. ఆ ఏర్పాటు చేసే మేలు ఏమిటో అపార్ట్‌మెంటు గదుల్లో చిక్కుకున్నప్పుడు బోధపడింది.

అమెరికాతో పోలిస్తే ఈ రెండు రాష్ట్రాల్లో 75 దాటినవారి మరణాల వాటా చాలా తక్కువగా నమోదైంది. 2020 ఆగస్టు 1 నాటికి ఇక్కడ 17.9 శాతం, అమెరికాలో 58.1 శాతం. దీన్ని చూసి మన పెద్దలు గట్టివాళ్లని సంబరపడిన వ్యాఖ్యానాలు అప్పట్లో వచ్చాయి. అసలు ఆ వయసువారి సంఖ్యే మన జనాభాలో తక్కువ. తొలి నెలల్లో వారు బయటికి రాకపోవడం కొంత పనిచేసి ఉండవచ్చు. ఇంట్లోనే, పరీక్ష లేకుండా పోయిన ప్రాణాలు లెక్కలోకి రావు. వృద్ధుల మరణాన్ని ‘వయసైపోయింది’ అనే మాటతో సరిపెట్టే అలవాటు మనకుంది. ఆ అలవాటు గణాంకాల్లో కూడా నీడలా పడుతుంది.

కదలని కాళ్లు

వృద్ధాప్యంలో స్వతంత్రం అనేది పెద్ద మాటలా వినిపిస్తుంది. దైనందిన జీవితంలో దాని కొలత చాలా చిన్నది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలగడం, మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్లి రాగలగడం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, వీధి చివర దుకాణానికి వెళ్లి చిల్లర లెక్క చూసుకుని రావడం. వైద్యులు ఒక మనిషి ఎంత స్వతంత్రంగా ఉన్నారో అంచనా వేసేది ఇలాంటి పనులతోనే.

ఈ పనులన్నిటికీ ఆధారం తొడ కండరాలు. వయసుతో అవి ఎలాగూ తగ్గుతాయి, కదలిక ఆగితే తరుగుదల దూకుడుగా సాగుతుంది. 2007లో ప్రచురితమైన ఒక చిన్న అమెరికన్ ప్రయోగంలో, సగటున 67 ఏళ్లున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీదే ఉంచారు. కాళ్లలో ఒక్కొక్కరు దాదాపు కిలో కండ కోల్పోయారు. కేవలం పది రోజుల్లో, ఏ జబ్బూ లేనివారు.

లాక్‌డౌన్‌లో ఎవరూ పూర్తిగా మంచం పట్టలేదు నిజమే. కానీ వారి రోజును తరచి చూస్తే ఏం పోయిందో తెలుస్తుంది. తెల్లవారుజామున పార్కు చుట్టూ నాలుగు చుట్లు, గుడి మెట్లు, పాల కేంద్రం దాకా నడక, పొలం గట్టు మీద ఓ తిరుగుడు, సాయంత్రం రచ్చబండ. వ్యాయామం అని ఎవరూ పేరు పెట్టని ఈ నడకే చాలామందిని నిలబెట్టింది. అది ఆగితే మొదట మెట్లు కష్టమవుతాయి. తర్వాత కింద కూర్చుని లేవడం. ఆ తర్వాత పడతామన్న భయం పట్టుకుంటుంది. భయంతో కదలిక ఇంకా తగ్గుతుంది, కండ ఇంకా తరుగుతుంది, ఒకరోజు స్నానాల గదిలో నిజంగానే పడతారు. తుంటి ఎముక విరిగిన తర్వాత మునుపటిలా నడవగలిగేవారు అందరూ కారు. వైరస్ సోకకుండానే వైరస్ కాలం ఇలా మనిషిని మంచాన పడేయగలదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి రోజుకు కొన్నిసార్లు లేచి కూర్చోవడం, వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, డాబా మీదో పెరట్లోనో జనం లేని వేళ నడక, పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూసుకోవడం. బహిరంగ ప్రదేశంలో, ఒంటరిగా నడిస్తే సోకే ప్రమాదం బాగా తక్కువని 2020 చివరికే స్పష్టమైంది. అయినా పార్కుల తాళాలు, ‘పెద్దవాళ్లు బయటికి రావద్దు’ అనే మాట చాలా చోట్ల అలాగే ఉండిపోయాయి. మూసిన గదిలో పెళ్లి విందుకూ తెల్లవారి నడకకూ తేడా చెప్పని సలహా వల్ల జరిగిన నష్టం ఇది.

మాత్రలు, పరీక్షలు, వేలికి తొడిగిన చిన్న పరికరం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన రోజునే కేంద్రం టెలీ వైద్యానికి నియమావళి విడుదల చేసింది. ఏప్రిల్‌లో ‘ఈ-సంజీవని’ ఓపీ సేవ వచ్చింది. ఫోనులో వైద్యుడు దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఈ సేవ పెద్దవారికి చేరాలంటే మధ్యలో ఇంకో మనిషి కావాలి. వీడియో ఎలా తెరవాలో తెలిసిన మనవరాలు, లేదా ట్యాబు పట్టుకుని ఇంటికొచ్చే ఏఎన్ఎం. వినికిడి తగ్గినవారికి ఫోనులో మాట సగమే చేరుతుంది, వైద్యుడు మాస్కు పెట్టుకుంటే పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే ఆ కాస్త ఆసరా కూడా పోతుంది.

బీపీ మాత్రలు ఆపకూడదు. ఈ మాట అందరికీ తెలుసు. కానీ పట్నంలోని పెద్దాసుపత్రిలో నెలకోసారి ఇచ్చే మందులు తెచ్చుకునేవారికి బస్సులు ఆగితే మందులూ ఆగాయి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ అవసరమైనవారు, కీమోథెరపీ మధ్యలో ఉన్నవారు ఇంకా దారుణంగా ఇరుక్కున్నారు. ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చేయడం, వాటిని ఉప కేంద్రం దాకా చేర్చడం లాంటి ఏర్పాట్లు జరిగినచోట ఆ దెబ్బ తగ్గింది. ఇది మహమ్మారి వచ్చాక కనిపెట్టాల్సిన పని కాదు, మామూలు రోజుల్లో నడుస్తూ ఉంటేనే గడ్డు రోజుల్లో ఆగదు.

పల్స్ ఆక్సీమీటరు మాత్రం ఆ కాలంలో ఇళ్లలోకి వచ్చిన నిజమైన మేలు. ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయే లక్షణం ఈ జబ్బుకు ఉంది. 94 కన్నా తగ్గితే వైద్యుడిని సంప్రదించాలన్నది సాధారణ సూచన. కానీ ఈ పరికరాన్ని పెద్దవారి వేలికి పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. రక్తప్రసరణ తగ్గి చల్లబడ్డ వేలికి పెడితే అంకె తప్పు చూపుతుంది. ముందు చేతులు రుద్ది వేడి చేయాలి. గోటి మీద గోరింటాకు పండి ఉన్నా, రంగు ఉన్నా కాంతి సరిగా దూరదు. చేయి ఛాతీ ఎత్తులో కదలకుండా ఉంచి, అంకెలు ఎగిరి దూకడం ఆగేదాకా ఓ నిమిషం ఆగాలి. నల్లని చర్మం ఉన్నవారిలో ఈ పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపే అవకాశముందని 2020 డిసెంబరులో అమెరికన్ వైద్యులు గుర్తించారు. అందుకే ఒక్క అంకెను నమ్ముకోవడం కన్నా రోజూ ఒకే వేలికి, ఒకే వేళకు చూసి రాసిపెట్టుకుంటే పడిపోతున్న తీరు ముందే తెలుస్తుంది.

ఆక్సిజన్ తగ్గకముందే స్టెరాయిడ్లు మొదలుపెట్టడం రెండో దశలో విస్తారంగా జరిగిన పొరపాటు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగం డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది, ఆక్సిజన్ అవసరమైనవారి విషయంలో మాత్రమే. అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదు. షుగరు ఉన్న పెద్దవారికి ఇష్టానుసారం వాడటంతో చక్కెర అదుపు తప్పింది, ఆ వెనకే 2021 మేలో బ్లాక్ ఫంగస్ కేసులు వెల్లువెత్తాయి.

పింఛను ఎవరి చేతికి ఎలా వచ్చింది

డబ్బు విషయం ఆరోగ్యం నుంచి విడిగా చూడలేం. తన మందులు తన డబ్బుతో కొనుక్కునే వృద్ధురాలు ఇంట్లో ఒక మాట చెప్పగలదు. అది లేనప్పుడు మాత్ర అయిపోయిందని చెప్పడానికి కూడా వెనకాడుతుంది.

2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు కేంద్రం జాతీయ సామాజిక సహాయ పథకం కింద ఉన్న వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు సుమారు 2.8 కోట్ల మందికి రెండు విడతల్లో కలిపి వెయ్యి రూపాయలు ఇచ్చింది. ఆ పథకంలో 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే అన్నది గుర్తుంచుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర పింఛన్లు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 2,250, తెలంగాణ ఆసరాలో 2,016.

తేడా పంపిణీ పద్ధతిలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కరోనాకు సరిగ్గా ముందు, 2020 ఫిబ్రవరి 1న, దాదాపు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ఉన్న వలంటీర్ల ద్వారా ఇంటి దగ్గరే పింఛను ఇవ్వడం మొదలైంది. మహమ్మారి కోసం చేసిన ఏర్పాటు కాదది. అయినా ఏప్రిల్ 1 నాటికి ఊళ్లన్నీ మూతపడి ఉంటే, పొద్దున్నే గడప దగ్గరికి డబ్బు వచ్చింది. వేలిముద్ర యంత్రాన్ని పది మంది తాకే ప్రమాదం ఉండటంతో ఆ నెల దాన్ని పక్కనపెట్టి, పింఛనుదారు ఫొటో తీసుకోవడంతో సరిపెట్టారు.

ఈ వేలిముద్ర సంగతి కాస్త ఆగి చూడదగ్గది. నలభై యాభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం ఎర్రగా వెలిగి ‘మళ్లీ పెట్టండి’ అంటుంది. బొటనవేలు తుడిచి, కొంగుకు రాసి, ఇంకో వేలు పెట్టి, అది కూడా పడకపోతే రేపు రమ్మంటారు. మామూలు రోజుల్లో అది విసుగు. మహమ్మారిలో అది ఇంకోసారి బస్సెక్కి, ఇంకోసారి వరుసలో నిలబడటం. ఫొటోతో పని జరిగిన ఆ నెలలు, వేలిముద్ర లేకపోయినా డబ్బు సరైన మనిషికి చేర్చవచ్చని చూపించాయి. ఉద్యోగ విరమణ చేసినవారి జీవన ధ్రువీకరణలో కూడా ఇదే జరిగింది. 2020 నవంబరులో తపాలా సిబ్బంది ఇంటికొచ్చి ధ్రువపత్రం తీసుకునే సేవ మొదలైంది, ఏడాది తర్వాత ముఖాన్ని గుర్తించే పద్ధతి వచ్చింది.

ఇంటి దగ్గర పంపిణీ విలువ ఎంతో, అది లేనప్పుడు ఇంకా బాగా తెలిసింది. 2024 వేసవిలో ఎన్నికల నియమావళి కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో వలంటీర్లను పింఛను పంపిణీకి దూరంగా ఉంచాల్సి వచ్చింది. ఎండల్లో చాలామంది వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాల దగ్గర, బ్యాంకుల దగ్గర నిలబడ్డారు. జులై నుంచి సచివాలయ ఉద్యోగుల ద్వారా మళ్లీ ఇంటి దగ్గరికే వచ్చింది. ఎవరి చేత ఇప్పించాలన్నది రాజకీయ వాదన కావచ్చు. గడప దగ్గరికి రావాలన్నది మాత్రం వృద్ధుల మోకాళ్లకు సంబంధించిన విషయం.

టీకా దగ్గర హాంకాంగ్ చూపినది

2021 మార్చి 1న 60 దాటినవారికి టీకా మొదలైంది. నెల తిరిగేసరికి డెల్టా రకం విరుచుకుపడింది. చాలామంది పెద్దవారు అప్పటికి ఒక్క డోసు మీదే ఉన్నారు, ఇంకా ఎందరో అసలు వేసుకోలేదు. టీకాకు ‘కోవిన్’ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు కావడానికి ఫోను, దానికి వచ్చే సంకేత సంఖ్య (ఓటీపీ), ఖాళీ వేళ వెతికే ఓపిక కావాలి. ఆ వేదిక తెలుగులో అందుబాటులోకి వచ్చింది జూన్‌లో. నేరుగా కేంద్రానికి వెళ్లి వేయించుకునే వీలు మొదటి నుంచీ ఉన్నా, ఆ కేంద్రం మండలంలో ఉంటే పది కిలోమీటర్ల దూరం, రెండు గంటల వరుస. మే చివరలో పెద్దవారికి, దివ్యాంగులకు ఇంటి దగ్గరలోనే, పాఠశాలలోనో పంచాయతీ కార్యాలయంలోనో టీకా వేయాలని కేంద్రం సూచించింది. నవంబరులో ఇంటింటి కార్యక్రమం వచ్చింది. వరుసలో మొదట పేరు ఇవ్వడం ఒక ఎత్తు, ఆ వరుస దాకా మనిషిని చేర్చడం ఇంకో ఎత్తు. రెండోది ఆలస్యమైంది.

పెద్దవారి టీకాను వెనక్కి నెడితే ఏమవుతుందో 2022 ఆరంభంలో హాంకాంగ్ చూసింది. రెండేళ్లు వైరస్‌ను దాదాపు బయటే ఆపిన నగరమది. టీకాలకు కొరత లేదు. అయితే దుష్ప్రభావాల భయంతో, ‘ఎలాగూ కేసులు లేవు’ అన్న ధీమాతో 80 దాటినవారిలో అత్యధికులు టీకా వేసుకోలేదు. ఒమిక్రాన్ రాగానే ఆ వయసువారే కుప్పకూలారు, జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోనే అత్యధిక మరణాల రేటు కొన్ని వారాలపాటు అక్కడ నమోదైంది. న్యూజిలాండ్ కూడా అలాగే తలుపులు మూసుకున్న దేశమే, అక్కడికీ అదే ఒమిక్రాన్ వచ్చింది. కానీ పెద్దవారిలో దాదాపు అందరికీ ముందే టీకా అంది ఉండటంతో ఆ స్థాయి విషాదం జరగలేదు. విడిగా ఉంచడం సమయం కొనిపెడుతుంది, ఆ సమయంలో టీకా వేయకపోతే కొన్నది వృథా.

65 అనే గీత

మహారాష్ట్ర ప్రభుత్వం 2020 వేసవిలో సినిమా, టీవీ చిత్రీకరణలకు అనుమతిస్తూ 65 దాటిన నటులు, సిబ్బంది సెట్‌కు రాకూడదని షరతు పెట్టింది. డెబ్బై ఏళ్ల నటుడొకరు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. అదే వయసువారు దుకాణం తెరుచుకోవచ్చు, నటుడు మాత్రం పనికి వెళ్లకూడదన్న తేడాకు ఆధారం ఏమిటని కోర్టు అడిగింది. ఆగస్టు 7న ఆ షరతును కొట్టేసింది. పనిచేసే శక్తి ఉన్న మనిషికి సంపాదన దారి మూసేసి గౌరవంగా బతకమనడం కుదరదన్నది ఆ తీర్పు సారం.

ఇది సినిమావాళ్ల గొడవగా కొట్టిపారేయదగ్గది కాదు. అసంఘటిత రంగంలో 65 తర్వాత పని మానేయగల స్తోమత ఎంతమందికి ఉంది? పూలు అమ్మే ముసలమ్మకు, కాపలా కాసే తాతకు ఇంట్లో ఉండమనే సలహా ఆకలితో సమానం. ప్రమాదాన్ని వారికి చెప్పి, మంచి మాస్కు, గాలి ఆడే చోటు, ముందుగా టీకా ఇచ్చి, లేదా ఇంట్లో ఉన్నందుకు డబ్బు ఇచ్చి నిర్ణయం వారికి వదిలేయడం ఒక పద్ధతి. పుట్టిన సంవత్సరం చూసి తలుపు మూయడం ఇంకో పద్ధతి. సంక్రాంతికి పిల్లలు రావాలా వద్దా అన్నది కూడా చాలా ఇళ్లలో పెద్దవారిని అడగకుండానే తేల్చేశారు.

తాత్కాలికమన్న ఆంక్షలు శాశ్వతమయ్యే ప్రమాదానికి రైల్వే రాయితీ తిరుగులేని ఉదాహరణ. అనవసర ప్రయాణాలు తగ్గించడానికంటూ 2020 మార్చి 20 నుంచి వయోవృద్ధుల టిక్కెట్టు రాయితీ ఆపారు. అప్పటిదాకా 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం తగ్గింపు ఉండేది. రైళ్లు మళ్లీ నిండుగా నడిచాయి, రాయితీ మాత్రం ఆ తర్వాత ఏళ్లు గడిచినా తిరిగి రాలేదు. ఆరోగ్యం పేరుతో తీసేసినది, ఆరోగ్య కారణం పోయాక ఖర్చు కారణంగా నిలిచిపోయింది.

ఒంటరి ఇళ్లు

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో, కరీంనగర్, హైదరాబాద్ కాలనీల్లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని. 2020 మార్చి చివరలో ఆగిన మామూలు అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న గానీ పూర్తిగా మొదలుకాలేదు. ప్రత్యేక విమానాలు ఉన్నా అనుమతులు, పరీక్షలు, క్వారంటైన్ దాటి చివరి చూపుకు అందుకోలేకపోయినవారు ఎందరో. డాలర్లు పంపగలిగారు, ఆక్సిజన్ సిలిండరు కూడా ఇంటర్నెట్‌లో వెతికి తెప్పించగలిగారు. కానీ రాత్రి రెండు గంటలకు నాన్న వేలికి ఆక్సీమీటరు పెట్టే చేయి అక్కడ లేదు. పక్కింటివాళ్లు, అపార్ట్‌మెంటు సంఘం, కాపలాదారు భార్య ఆ లోటు తీర్చిన చోట ప్రాణాలు నిలిచాయి.

ఒంటరిగా ఉన్న వృద్ధులకు మందులు, నిత్యావసరాలు, మాస్కులు అందించాలని, పింఛను సకాలంలో ఇవ్వాలని, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారికి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 4న రాష్ట్రాలను ఆదేశించింది. 2021 మార్చిలో ఆ ప్రాధాన్యాన్ని ప్రైవేటు ఆసుపత్రులకూ విస్తరించింది. సహాయానికి 14567 నంబరుతో ‘ఎల్డర్ లైన్’ దేశమంతా వచ్చింది, దాని నమూనా తొలుత రూపుదిద్దుకున్నది హైదరాబాద్‌లోనే. ఇవన్నీ మంచి ఏర్పాట్లు. అయితే ఇవి పనిచేయాలంటే ఒంటరిగా ఎవరున్నారో ముందు తెలియాలి.

ముందే ఉండాల్సిన జాబితా

ఐక్యరాజ్య సమితి జనాభా నిధి అంచనా ప్రకారం 2022లో 10.5 శాతంగా ఉన్న 60 దాటినవారి వాటా 2050 నాటికి 20.8 శాతానికి చేరుతుంది. ఇప్పుడున్న ఇళ్లు మారుతున్నాయి, ఉమ్మడి కుటుంబాలు తగ్గుతున్నాయి. వచ్చే మహమ్మారికి మన దగ్గర కూడా వృద్ధాశ్రమాలు, ఒంటరి ఇళ్లు ఇంకా ఎక్కువ ఉంటాయి. అంటే కెనడా, ఇంగ్లండ్ చూసిన దారి కూడా ఈసారి తెరుచుకుని ఉంటుంది. వృద్ధాశ్రమాల సిబ్బందికి జీతంతో జబ్బు సెలవు, గాలి వెలుతురు ప్రమాణాలు, కొత్తగా వచ్చేవారికి పరీక్ష లాంటి నియమాలు మామూలు రోజుల్లోనే పెట్టాల్సినవి.

గ్రామ స్థాయిలో కావాల్సింది ఇంకా సాదా విషయం. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు మెట్లు దిగలేరు, ఎవరికి ఇన్సులిన్ కావాలి, ఎవరికి చెవి వినపడదు, పిలిస్తే వచ్చే బంధువు ఎంత దూరంలో ఉన్నారు అన్న వివరాలు, ఆ పెద్దవారి అనుమతితో రాసి, ఏటా సరిచూసుకునే ఒక దస్త్రం. నిజానికి ఈ సమాచారంలో చాలా భాగం ఇప్పటికే ఉంది. ఏ వీధిలో ఏ అవ్వకు వేలిముద్ర పడదో, ఏ తాత మాత్ర మింగానని అబద్ధం చెబుతాడో ఊళ్లోని ఆశా కార్యకర్తకు నోటికి వచ్చు. ఆమెకు జ్వరం వచ్చి పడుకున్న రోజున ఆ వీధికి వెళ్లాల్సిన మనిషికి అది తెలిసే దారి మాత్రం లేదు.